ఒత్తుల దాకా రాని చదువు

నా చిన్నప్పుడు మా చిన్నత్త వేలూరు కాలేజీలో చేరిందంటే, గుడియాత్తంలో మా నేతవీధి మొత్తం మా గడప ముందరికొచ్చి చూసిపోయింది. మా వీధిలో ఆడపిల్ల పదో తరగతి దాటడమే గొప్ప. ఈమేమో పన్నెండు కూడా దాటేసి, దినమూ బస్సెక్కి కే.వి.కుప్పం మీదుగా వేలూరు పోయి చదువుతాదంట! చిన్నత్త మా తాతకి కడగొట్టు కూతురు, మా అప్పకి, అదే మా నాన్నకి, చెల్లెలు. నాకప్పుడు తొమ్మిదేండ్లు. ఆమె కొత్త సంచి భుజానికి తగిలించుకుంటే నేనే కాలేజీకి పోతా ఉన్నట్టు ఇల్లంతా ఎగిరినాను.

మా అప్పకి మాత్రం ఇష్టం లేదు. ఇంట్లో రెండు గుంట మగ్గాలు, కైలీ లుంగీలు నేసే పని. నూలు కండెలకి చుట్టే చెయ్యి ఒకటి తగ్గిపోతాదని ఆయన బాధ. తాత మొండిపట్టు పట్టినాడు కాబట్టి ఒప్పుకున్నాడు గానీ ఒక షరతు పెట్టినాడు. ఏ సెమిస్టరులో అయినా సరే, ఒక్క పేపరు తప్పిందంటే అత్త చదువు మానేసి రాట్నం దగ్గర కూర్చోవాల. అత్త నవ్వేసి సరే అన్నా అనింది. ఆమెకి భయమెందుకు? బడిలో ఎప్పుడూ ఆమే మొదటి ర్యాంకు.

తప్పంతా దరఖాస్తు దగ్గర జరిగింది. అందులో మాతృభాష ఏది, ఏ భాష పేపరు చదువుతావు అని రెండు గళ్లు ఉన్నాయి. అత్త చదివిందంతా తమిళంలోనే. తమిళం పద్యాలు నిద్దర్లో లేపి అడిగినా చెప్పేది. కానీ పక్కనే కూర్చోనుండిన తాత, "మనది తెలుగు కదమ్మా, రెండిట్లోనూ అదే రాయి. చెప్పిచ్చేదానికి నేను లేనా?" అన్నాడు. అత్త అట్లే రాసింది. ఇట్లాంటి తప్పు మా ఊరి తెలుగోళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు. పొద్దున లేస్తే తెలుగులోనే తిట్టుకుంటాము, తెలుగులోనే మొక్కుకుంటాము, చచ్చినోళ్లని తలుచుకుని తెలుగులోనే ఏడుస్తాము. అక్షరం కండ్ల ముందర పెడితే మాత్రం అది తలకిందులుగా ఉండాదో నేరుగా ఉండాదో చెప్పలేము.

మా వీధిలో తెలుగు చదవగలిగేది మా తాత ఒక్కడే అని అందరి నమ్మకం. శనివారం సాయంత్రం మగ్గంలోంచి లేచి, కాళ్లు కడుక్కుని, వాళ్ల నాయన కాలంనాటి పుస్తకం ఒకటి తెరిచి దేవుని కతలు చదివేవాడు. చుట్టుపక్కల ఆడోళ్లంతా పనులు ఆపుకుని వచ్చి కూర్చునేవాళ్లు. ఏ చోట ఏడవాలో ఆ చోట ఏడ్చేవాళ్లు కూడా. మా ఇంటికి ఆ వీధిలో ఉండిన మర్యాద అంతా ఆ పుస్తకం వల్లనే.

కాలేజీ తెరిచిన రెండో దినం అత్త మొహం వాడిపోయి ఇల్లు చేరింది. తెలుగు మేడమ్ పాఠం చదవమని లేపిందంట. ఈమె లేచి పుస్తకం పట్టుకుని అట్లే నిలబడిపోయిందంట. ఆంధ్రా పక్కనుంచి వచ్చిన పిల్లలు పక్కున నవ్వినారంట. ఆ మేడమ్ మంచిది. ఒక్క పేజీ కూడా చదవలేకుంటే కష్టం, పదైదు దినాల లోపల ఆపీసులో లెటర్ ఇస్తే తమిళం పేపరుకి మార్చేస్తారు, ఆలోచించుకో అని చెప్పింది. అత్త అదంతా చెప్పి, "మా నాయన చెప్పిస్తాడు మేడమ్ అనేసి వచ్చినాను నాయనా" అని పాఠాల పుస్తకం తాత చేతిలో పెట్టింది. తాత దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, అద్దాలు సరిగ్గా లేవు, రేపు చూస్తాములే అని లోపలికి పోయినాడు.

మరుసటి దినం పొద్దున్నే నన్ను బడికి పంపకుండా పరదరామి బస్సు ఎక్కించినాడు తాత. మన బిడ్డకి మన అక్షరం రావద్దా, కొన్ని దినాలు తెలుగు బడిలో కూర్చోబెట్టుకొస్తా అని ఇంట్లో చెప్పినాడు. బడి ఎగ్గొట్టి బస్సెక్కడం కంటే నాకు పండగేముంది! పరదరామి దాటినాక ఒక చిన్న పల్లెలో ఆ బడి ఉండేది. పంతులు నన్ను ఒకటో తరగతి పిల్లల్లో కూర్చోబెట్టి, మీరు బయట చెట్టు కింద ఉండండి పెద్దాయనా అన్నాడు. తాత ఒప్పుకోలేదు. బిడ్డ భయపడతాది సామీ అంటూ వచ్చి నా వెనకాలే చాప మీద చతికిలబడినాడు. నేనా భయపడేది? అప్పటికే పక్క పిల్ల దగ్గర చింతకాయ గుంజుకుని తింటా ఉన్నాను.

రెండో దినమో మూడో దినమో వెనక్కి తిరిగి చూస్తే, పంతులు నల్లబల్ల మీద రాసే అక్షరాన్ని తాత తన తొడ మీద వేలితో దిద్దుకుంటా ఉన్నాడు. నోరు మెల్లగా కదులుతా ఉండాది. నాకు నవ్వొచ్చింది. ఆమీద తాత కండ్లు చూసినాను. నవ్వు ఆగిపోయింది.

తిరుగు బస్సులో నేను అడగకముందే చెప్పినాడు. ఎనిమిదో ఏట మగ్గం గుంటలోకి దిగినాడంట, బడి మొహం చూసింది లేదు. వాళ్ల నాయన చదువుతా ఉంటే విని విని ఆ కతలన్నీ కంఠతా వచ్చేసినాయి. నాయన పోయినాక ఒక శనివారం వీధిలోవాళ్లు వచ్చి, నువ్వూ చదువుతావు కదప్పా అని పుస్తకం తెచ్చి ఒళ్లో పెట్టినారు. నాకు రాదు అని ఆ పొద్దు చెప్పలేకపోయినాడు. ఆ మరుసటి శనివారం అసలు చెప్పలేకపోయినాడు. అట్లే ముప్పై ఏండ్లు గడిచిపోయినాయి. "అత్తకి చెప్పొద్దు పాపా. పదైదు దినాల్లో నేర్చేసుకుంటా" అని నా చెయ్యి పట్టుకున్నాడు. అంత పెద్ద మనిషి నన్ను బతిమాలడం అదే మొదలు, అదే కడ. నేను తల ఊపినాను. తాత అంటే నాకు అంత పిచ్చి మరి.

అప్పటినుంచి పొద్దున పంతులు నా పలక మీద ఏమి రాయిస్తే సాయంత్రం తాత అత్తకి అదే చెప్పేవాడు. దినానికి నాలుగు అక్షరాలు. అయిదోది అడిగితే తొందరెందుకమ్మా, ఇవి కుదురుకోనీ అనేవాడు. తమిళంలో ఒక్క క తో బతికేసిన మాకు ఇందులో నాలుగు క లు చూసేసరికి ముగ్గురికీ తల తిరిగిపోయింది. ఈ నాలుగూ ఒకే ఇంటి బిడ్డల మాదిరి ఉండాయే అని అత్త పడి పడి నవ్వింది. మా ఇంట్లో అంత సంతోషంగా గడిచిన దినాలు ఇంకేవీ లేవు.

పదైదో దినానికి ముందర సాయంత్రం అత్త ఆపీసుకి ఇచ్చే లెటర్ తమిళంలో రాసి పెట్టుకుంది. అది చేతిలో పట్టుకునే తాతని అడిగింది, ఒత్తులు ఎప్పుడు చెప్పిస్తావు నాయనా అని. అప్పటికి మేము గుణింతాల్లో కూడా అడుగుపెట్టలేదు. చెప్తాను కదమ్మా, నేనుండానే అన్నాడు తాత. అత్త ఆయన మొహం చాలాసేపు చూసింది. ఆమీద నా మొహం చూసింది. తాతకి రాదు, నువ్వు తమిళానికి మారిపో అనే మాట నా నాలిక చివర దాకా వచ్చింది. తాత నన్నే చూస్తా ఉన్నాడు. నేను నోరు కుట్టేసుకున్నాను. అత్త సరే నాయనా అని ఆ లెటర్‌ని నాలుగు మడతలు పెట్టి పొయ్యిలో వేసేసింది.

ఇంకొక నెల పోయినాము ఆ బడికి. గుణింతాలు అయినాయి. ఒత్తులు మొదలుపెట్టే వేళకి మగ్గం మీద పని పేరుకుపోయి, మా అప్ప గట్టిగా అరిచినాడు. బడి నిలిచిపోయింది. ఒత్తుల దగ్గరే తాత చదువూ నిలిచిపోయింది, అత్త చదువూ నిలిచిపోయింది. కాలేజీ పాఠంలో ఒత్తు లేని వరస ఒకటి ఉంటే కదా! సెమిస్టరు పరీక్షల్లో మిగతా అన్నిట్లో మంచి మార్కులు. తెలుగులో తప్పింది.

మా అప్ప ఆ మార్కుల తాళు చూసి, సొంత భాషలో ఎట్లా తప్పినావని ఇంటికప్పు ఎగిరిపోయేట్టు అడిగినాడు. ఇంట్లో అంత చదివే మనిషిని పెట్టుకుని! మగ్గం గుంటలో తాత, అటూ ఇటూ నూలు లాగే నాడె ఆపేసి తల వంచుకున్నాడు. అత్త అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుండాది. "నాయన బాగానే చెప్పినాడన్నా. నాకే బుర్రకెక్కలేదు."

కొత్త సెమిస్టరు మొదలైన దినం పొద్దున తాత తెల్లపంచ కట్టుకుని కూర్చోనున్నాడు, కొడుకు మనసు మారతాదేమోనని. మారలేదు. వేలూరు బస్సు వేళకి అత్త తల దువ్వుకుని, బొట్టు పెట్టుకుని, బయటికి పోయేట్టే తయారై వచ్చి రాట్నం ముందర కూర్చుంది. కండె తగిలించి చుట్టడం మొదలుపెట్టింది. తాత లేచి ఆమె పక్కన నిలబడినాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచినాడు. అత్త తలెత్తకుండా, నాడె ఖాళీగా ఉన్నట్టుండాది చూడు నాయనా అనింది. ఆయన పోయి మగ్గంలో కూర్చున్నాడు. ఆ శనివారం కండ్లు కనిపించడం లేదని చెప్పి పుస్తకం తెరవలేదు. మళ్లీ ఎప్పుడూ తెరవలేదు.

తాత పోయినాక చాలా ఏండ్లకి, నేను బిడ్డల తల్లినయినాక, ఒక మధ్యాహ్నం అత్త కాళ్ల దగ్గర కూర్చుని అంతా కక్కేసినాను. తాతకి చదవడం రాదు, నాకు ముందే తెలుసు, నేను ఒక్క మాట చెప్పుంటే నువ్వు తమిళానికి మారిపోయుందువు, నీ బతుకు నేనే నాశనం చేసినాను అని ఏడ్చినాను. అత్త కండె చుట్టేది ఆపలేదు.

"ఏందే నీ ఏడుపు? మొదటి వారమే తెలుసు నాకు. నీ పలక కడిగేది ఎవరు, నేను కాదా? పొద్దున నీ పలక మీద ఉండేదే సాయంత్రం నాయన నోట్లో ఉండేది."

మరి ఎందుకు మారలేదు అన్నాను. "మారితే వీధంతా అడగదా, అంత చదివే నాయనని ఇంట్లో పెట్టుకుని ఎందుకు మారినావని? ఏమి చెప్పేది? ముసలాయన చాప మీద కూర్చుని నేర్చుకొస్తా ఉన్నాడు. ఇద్దరమూ నేర్చేసుకుంటాములే అనుకున్నాను."

అంతే చెప్పింది. నాకు మాత్రం ఆ పొద్దు గుండె పగిలిపోయింది. ముగ్గురమూ ఒకరినొకరు కాపాడుకోవాలని నోరు మూసుకున్నాము. కాపాడుకున్నది ఏముండాది? అత్త ఆ రాట్నం దగ్గరే ముసలిదైపోయింది. ఆ తెలుగు బడికి నా పేరు చెప్పుకుని తాత పోయినాడు, అత్త కోసం పోయినాడు. చివరికి అక్షరాలు వచ్చింది మాత్రం నాకు. తర్వాత ఒత్తులు కూడా నేనే ఎట్లో కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇప్పుడు నాకు అరవై దగ్గర పడతా ఉండాది. మా వీధిలో తెలుగు చదివేదాన్ని నేనొక్కదాన్నే.

పోయిన జూన్లో మా మనవరాలు వేలూరు కాలేజీలో చేరింది. ఆ సందడిలో, నీకు ఒత్తులు నేను చెప్పిస్తా రా అత్తా, ఎంతసేపు పని అని అడిగినాను. అత్త నవ్వింది. "వద్దులేవే. నాయన చెప్పినకాడికి చాలు నాకు" అనింది. మందుచీటీ వెనకాల పెన్నుతో నాయన అని రాసి చూపించింది. అందులో ఒత్తు లేదు కదా, ఎంత చక్కగా వచ్చిందో! తాత అని కూడా రాసింది. అమ్మ అనే మాట ఆమెకి రాదు. అత్త అనే మాట రాదు. ఇంతసేపూ ఇది రాస్తా ఆ మాట ఎన్ని మార్లు రాసినానో లెక్కలేదు, ప్రతి మారూ త కింద ఒత్తు పెట్టే చోట నా చెయ్యి ఆగిపోయింది.