చివరి మూడు వరుసలు

మొన్న మా కరీంనగర్ ఆఫీసులో కాగితాల నకళ్లు తీసే పాత సైక్లోస్టైల్ యంత్రాన్ని మూలగదిలోంచి బయటకు ఈడ్చారు. జిరాక్స్ మిషన్ వచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. రోలర్ మీద గడ్డకట్టిన నల్లసిరా వాసన వరండా అంతా కమ్ముకుంది. రాస్తున్న ఫైలు మూసి లేచాను. ఆ వాసన నా వేళ్లకు అంటింది ఒక్కసారే, పదో తరగతిలో. ఆ రోజుల్లోనే ఒక మనిషి నా ముందు నిలబడి ఒక్క మాట చెప్పమని అడిగాడు. నేను చెప్పలేదు. ఆ మాట ఏమిటో, చెప్పనందువల్ల ఎవరికి ఏమయిందో ఇన్నేళ్లూ ఎక్కడా రాయలేదు, ఎవరితోనూ అనలేదు. నరహరి సార్ గురించి రాయాలంటే ముందు దాని గురించి రాయాలి.

నరహరి సార్‌ది ఆదిలాబాద్. జమ్మికుంటలో మా బడికి ఇంగ్లీషు చెప్పడానికి వచ్చారు. సగం మరాఠీ, సగం తెలుగు కలిపి మాట్లాడేవారు. మమ్మల్ని పేరుతో కాక మరాఠీలో "కాయ్ రే", అంటే ఏంరా, అని పిలిచేవారు. మా ఇంగ్లీషు పరీక్షలో ఒక ప్రశ్న ఉండేది. ఒక పేజీ గద్యం ఇస్తారు, దాన్ని చదివి మూడో వంతుకు కుదించి సారాంశం రాయాలి, పైన ఒక పేరు పెట్టాలి. అందరం గైడ్లలోని సారాంశాలు బట్టీ పట్టేవాళ్లం. గద్యం మారితే మా పని గోవిందా. సార్ గైడ్లు ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆయన పద్ధతి వేరు. రెండుసార్లు చివరిదాకా చదవాలి. కాగితం బోర్లా పెట్టాలి. తర్వాత దాన్ని చదవని మనిషికి తెలుగులో చెప్పాలి. ఆ చదవని మనిషి మా బడి అటెండర్ లింగయ్య కాక.

సార్ ఆయన్ని పిలిచి మొదటి బెంచీ మీద కూర్చోబెట్టేవారు. మొదట్లో కాక సిగ్గుపడి అంచున కూర్చునేవాడు. నెల తిరిగేసరికి మాకు ఆయనే పెద్ద పరీక్షాధికారి అయ్యాడు. ఒకరోజు నా వంతు. ఒక డాక్టరు వరదలో పడవెక్కి రోగి దగ్గరికి వెళ్లే గద్యం. నేను పడవకు వేసిన రంగు దగ్గర మొదలుపెట్టాను.

"పడవ రంగు నాకెందుకు కొడుకా? నేనేమన్న కొనేదున్నదా? గా రోగం మనిషి బతికిండా సచ్చిండా, గది చెప్పు" అన్నాడు కాక.

క్లాసంతా నవ్వింది. సార్ బల్ల చరిచి, "బస్! లింగన్న అడిగిందే మీ సారాంశం. ఆయన ఆవులిస్తే ఎక్కువ చెప్పినట్టు, మళ్ల అడిగితే తక్కువ చెప్పినట్టు" అన్నారు.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్న ఆలోచన నాకు అప్పుడు పట్టుకుంది. మా బాపు, అంటే నాన్న, మగ్గం దగ్గర చెప్పే ముచ్చట్లను కూడా మనసులో కుదించి చూసుకునేవాణ్ణి. సార్‌కు అది తెలిసింది. నా సారాంశాలు పైకి చదివించేవారు. మధ్యాహ్నం గంట కొట్టాక ఆయనా కాకా మెట్ల మీద ఒకే టిఫిన్ గిన్నెలోంచి తినేవారు. అంత చదువుకున్న మనిషికి ఈయనతో ఏం మాటలుంటాయా అని చెవి ఒగ్గి వినేవాణ్ణి. ఎక్కువగా పత్తి ధర, వానలు, సార్ ఊరి జొన్నరొట్టె.

పబ్లిక్ పరీక్షకు ముందు బడిలోనే పెట్టే పరీక్ష వచ్చింది. సార్ స్వయంగా గద్యం రాశారు. గైడ్లో దొరకకూడదని. సైక్లోస్టైల్ యంత్రం మీద ప్రశ్నపత్రాలు తీసేది కాక. సరిగా పడని కాగితాలను బుట్టలో వేసి, సాయంత్రం బడి వెనక తానే దగ్గరుండి కాల్చి, బూడిద కట్టెతో కలిపి వెళ్లేవాడు. ఇంటికి పోతూ నేను రోజూ చూసేవాణ్ణి. ఆ మధ్యాహ్నం హెడ్మాస్టర్ బెల్లు కొడితే కాక లేచి వెళ్లాడు. నేను ఆ గది కిటికీ బయట ఉన్నాను. సార్ ఎలాంటి గద్యం రాసి ఉంటారు అన్న కుతూహలంతోనే చెయ్యి లోపలికి పెట్టి బుట్టలోంచి ఒక కాగితం తీశాను. ఈ మాట నన్ను కాపాడుకోవడానికి రాయడం లేదు. కుతూహలమైతే చదివి మళ్లీ బుట్టలో వేసేవాణ్ణి. నేను మడిచి జేబులో పెట్టుకున్నాను.

కాగితం కింది భాగంలో సిరా ముద్దయి చివరి వరుసలు కనబడలేదు. మిగిలినదాంట్లో గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన ఉన్నాడు. ఊళ్లో అందరి గడియారాలూ సరిచేస్తాడు. తన దుకాణం గోడ మీది గడియారం మాత్రం ఎప్పుడూ పది నిమిషాలు ముందుంటుంది. జనం నవ్వుతారు. నేను సారాంశం రాసి "సోమరి పనివాడు" అని పేరు పెట్టాను. నా ఇద్దరు దోస్తులు కొమురయ్యకూ సత్తయ్యకూ ఇచ్చి బట్టీ పట్టించాను. "పట్టువడితే కాయిదాలు కాల్చేకాడ దొరికిందని చెప్పుండ్రి" అని కూడా నేర్పాను. ఆ మాట ఎవరి మీద పడుతుందో నేను ఆలోచించలేదు.

పరీక్షలో అలవాటు కొద్దీ గద్యాన్ని చివరిదాకా చదివాను. చివర మూడు వరుసలున్నాయి. దుకాణం రైలు స్టేషన్ దారిలో ఉంది. బండి అందుకోవడానికి పరుగెత్తేవాళ్లు ఆ గడియారం చూసి ఇంకా త్వరపడతారని, వాళ్లకు బండి తప్పకూడదని ముసలాయన కావాలనే దాన్ని ముందు పెట్టాడు. దోస్తులు ముందు బెంచీల్లో తల వంచుకుని గబగబా రాస్తున్నారు. నేను పేరు మార్చాను, సారాంశం మార్చాను, మొత్తం తిరిగి రాశాను.

వాళ్లిద్దరివీ ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయి. రెంటిలోనూ ముసలాయన సోమరి. హెడ్మాస్టర్ గదిలో నిలదీస్తే వాళ్లు నేను నేర్పిన మాటే చెప్పారు. నాది బాగుందని, నా మాట నమ్మొచ్చని నన్ను కూడా పిలిపించారు, సాక్షిగా.

కాక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "నేను లెక్కవెట్టి కాలవెట్టిన సార్. ఒక్కటి గూడ మిగలనియ్యలే" అన్నాడు. తర్వాత నన్ను చూశాడు. "బిడ్డా, నువ్వు రోజు సూస్తవు గదా. నేను బూడిద కలిపిందాక కదుల్తనా? జర చెప్పు బిడ్డా."

సార్ కూడా నా వైపు తిరిగారు. "చెప్పు రే. కాయిదాలు అట్ల వదిలేస్తడా లింగన్న?"

ఆయన అడిగిన తీరు చూస్తే, వదలడు అని నేను అంటానని ఆశ పడుతున్నట్టే ఉంది. నేను నేలను చూశాను. ఆ మౌనాన్ని ముగ్గురూ జవాబుగానే తీసుకున్నారు. దోస్తులకు బెత్తం దెబ్బలు పడ్డాయి, మళ్లీ పరీక్ష పెట్టారు. కాకను మూడు బస్సులు మారి వెళ్లాల్సిన ఊరి బడికి పంపించారు. వెళ్లే రోజు ఆయన మెట్ల దగ్గర ఆగితే, సార్ పుస్తకంలోంచి తల ఎత్తలేదు. ఆ తర్వాత మొదటి బెంచీ మీద ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఏడాదికి తానే అడిగి ఆదిలాబాద్ వెళ్లిపోయారు.

నాకు పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషులో మంచి మార్కులొచ్చాయి. గుమాస్తా ఉద్యోగమూ ఒకరకంగా సార్ పెట్టిన భిక్షే. పెద్ద పెద్ద ఫైళ్లు చదివి, పై అధికారికి నాలుగు వరుసల్లో రాసి పెట్టడం నా పని. కింద ఏదో ఒక అర్జీదారుడి పేరు ఉంటుంది. అతనికి ఏం కావాలో తేలేదాకా కలం పట్టను. "మీ నోట్ చదివితే ఫైలు తిప్పక్కర్లేదు" అంటారు. అన్నప్పుడల్లా తల వంచుకుంటాను. వినయం అనుకుంటారు.

ఆ వాసన వచ్చిన వారంలోనే ఆదిలాబాద్ బస్సెక్కాను. సార్ రిటైరయి పత్తి జిన్నింగ్ మిల్లు వెనక వీధిలో ఉంటున్నారు. నన్ను చూడగానే "కాయ్ రే, జుట్టంత ఏం జేసినవ్?" అని నవ్వారు. చాయ్ వచ్చేలోపే మొత్తం చెప్పేశాను. ఆయన చాయ్ గ్లాసు అందుకుని నా వైపు తిరిగారు.

"మరి మీ ముగ్గుర్ల చివరి మూడు వరుసలు నువ్వొక్కనివే ఎట్ల రాసినవ్?"

"మీరు చెప్పినట్టే రెండుసార్లు చదివిన సార్."

"అంటే నా పాఠం నీకు బాగనే పనికొచ్చింది" అన్నారు. తిట్టినా అంత తగిలేది కాదు. తర్వాత గొంతు మార్చి, "లింగన్న గా రోజు మెట్ల కాడ నిలబడ్డడు. నేను చదువుతున్నట్టు చేసిన. ఒక్క అక్షరం గూడ కనవడలే" అన్నారు.

"క్షమించండి సార్."

"నాకు చెప్పి పాపం కడుక్కుందామనుకున్నవా?" అని లేచి చెప్పులు వేసుకున్నారు. "పా, లింగన్న కాడికి పోదాం. నేను గూడ చెప్పేదున్నది."

మర్నాడు పొద్దున జమ్మికుంట మార్కెట్ యార్డు దాటి, రిటైరయ్యాక ఊరికి తిరిగొచ్చిన కాక ఇల్లు అడుగుతూ వెళ్లాం. ముందు పత్తి బండ్లు అడ్డం, వెనక సార్ ఆయాసం. కాక గడపలో కూర్చుని కంది పప్పు ఏరుతున్నాడు. సార్‌ను గుర్తుపట్టి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. సార్ ఆయన పక్కన, ఆ గడప మీదే కూర్చున్నారు. నేను నిలబడే చెప్పాను. కిటికీ, బుట్ట, జేబు, దోస్తులకు నేర్పిన మాట, హెడ్మాస్టర్ గది.

కాక నన్ను తిట్టలేదు. చేటలో చెయ్యి అలాగే ఉంచి, "నీకు గప్పుడు ఎన్నేండ్లు?" అని అడిగాడు.

"పదిహేను కాకా."

"నాకు నలభై ఆరు" అన్నాడు. సార్ వైపు చూడకుండానే, "సారు గూడ నమ్మిండు గదా" అన్నాడు.

"నమ్మిన లింగన్నా. తప్పు జేసిన" అన్నారు సార్.

కాక లోపలికి తిరిగి భార్యను కేకేశాడు. "ఏమే, ఇటు రా. చెయ్యి కడుక్కొని రా." తర్వాత నాతో మెల్లగా అన్నాడు: "ఏం పొరపాటు జేసినవని ఇన్నేండ్లు నన్ను పొడుస్తనే ఉన్నది. ఏం జెయ్యలేదంటే నమ్మది. నాకు చెప్పింది చాలు. గామెకు చెప్పు."

రాజవ్వ చిన్నమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. పక్కింటి ఇద్దరు ఆడవాళ్లు కూడా గోడ మీంచి చూస్తున్నారు. నేను వాళ్లకు కూడా వినబడేలా చెప్పాను.

"చిన్నమ్మా, కాక ఏ పొరపాటు చెయ్యలే. కాయిదం దొంగతనం జేసింది నేను. కాక కాలవెట్టంగ రోజు సూసి గూడ, అడిగిన్నాడు నోరు తెరువనిది నేను. మిమ్మల్ని ఊరు వదిలి పొయ్యేటట్టు చేసింది నేనే. నన్ను మాఫ్ జెయ్యుండ్రి."