నాపరాయితో నేను కట్టిన మేడ

ఒక ఆడపిల్ల తన పరువును, కన్నతండ్రి నడుమును, కాలేజీ బల్లను ఒకే పూటలో ఎలా విరగ్గొట్టగలదో తెలుసుకోవాలంటే కాస్త ఓపిగ్గా వినండి. ఆ మహాతల్లిని నేనే. ఇప్పుడు తలుచుకున్నా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అప్పుడు కడపలో ఆర్కిటెక్చర్ రెండో ఏడాది చదువుతున్నాను. మా ఊరి చర్చికి మేడతో ఒక హాలు డిజైన్ చేయాలి. ముందు కాగితం మీద చిత్తుబొమ్మలు గీయాలి. తర్వాత అట్టతో మోడల్ చేయాలి. దాన్ని కోసి, అతికించి, నచ్చకపోతే పారేసి మళ్లీ గీయాలి. ఇదీ పద్ధతి. మా డిజైన్ సార్ చేతిలో కట్టర్ లేకుండా క్లాసుకే వచ్చేవారు కాదు. ఎవరి మోడల్ కనబడినా చటుక్కున కప్పు కోసేసేవారు.

"ఇంత కష్టపడి చేస్తే కోసి పారేస్తాండాడు మే! నా వల్ల కాదు," అన్నాను నా రూమ్మేట్ షాహీన్‌తో.

"కోసేదానికే కదా మే అట్టతో చేసేది? ముందు బొమ్మ గీయి."

"బొమ్మలెందుకు? అంతా నా తలకాయలోనే ఉండాది."

ఉండాదట! ఆ తలకాయలో ఏముందో కాసేపట్లో మీరే చూస్తారు.

మాది ఎర్రగుంట్ల. నాన్న నాపరాళ్లు కోసే మిషన్ మీద పనిచేస్తాడు. మా ఇంట్లో అరుగు, గోడ, కప్పు అన్నీ నాపరాయే. ఇక కట్టర్‌కు తెగని మోడల్ కోసం ఎక్కడో వెతకాలా? ఆ వారమే ఇంటికి పోయాను.

"ఇంత చిన్న బొమ్మకు బండలెందుకు పాపా?" అన్నాడు నాన్న.

"హాలు కట్టేది రాయితోనే కదా నాయనా! బొమ్మ గూడా రాయితో చేస్తే సార్లు శానా మెచ్చుకుంటారు."

పాపం, చదువుకునే పిల్ల మాట కదా అని నమ్మాడు. పలకలు కోసిచ్చాడు. గోడలు నిలబెట్టి, నడుమ ఒక అంతస్తు వేసి, పైన కప్పు పెట్టి, అన్నిటినీ గట్టి గమ్‌తో అతికించేశాను. కాగితం మీద ఒక్క గీత గీస్తే ఒట్టు.

జ్యూరీ రోజు వచ్చింది. అంటే సార్లందరూ కూర్చుని మన పని చూసి మార్కులు వేసే రోజు. అందులో తప్పితే మూడో ఏడాదిలోకి పోనివ్వరు. నాన్న ట్రాలీ ఆటో మాట్లాడి మోడల్ తెచ్చాడు. ఆయన, నేను, షాహీన్, వాచ్‌మన్ కలిసి మోసి బల్ల మీద దించాం. నాన్న నడుము పట్టేసి మూలిగాడు, బల్ల కూడా మూలిగింది. నాకు వినబడితే కదా!

కర్నూలు నుంచి వచ్చిన పెద్ద సార్ దాని చుట్టూ తిరిగి చూశారు. "ఇదేందమ్మా, సమాధా?"

"హాలు సార్."

"కప్పు తీయి, లోపల చూస్తాం."

"రాదు సార్. అతికించినా."

"పోనీ, డ్రాయింగులు యాడ?"

"గీయలేదు సార్. డైరెక్టుగా కట్టేసినా."

మా డిజైన్ సార్ కట్టర్ జేబులో పెట్టుకుని తల పట్టుకున్నారు.

"మేడ మీదికి మెట్లు యాడ పెట్టినావు?"

"లోపలే ఉండాయి సార్!" అన్నాను ధీమాగా. ఉన్నాయనే అనుకున్నాను మరి, ఏం చేయను!

"ఒక పక్క ఎత్తండప్పా, కిటికీలో నుంచన్నా కనబడతాదేమో," అన్నారు పెద్ద సార్. ఎత్తారు. బరువంతా ఒక పక్కకు ఒరిగింది, బల్ల కాలు ఫట్‌మంది, నా మేడ దబ్బున నేల మీద పడింది. దేవుడి దయ, ఎవరి కాలి మీదా పడలేదు. కప్పు ఊడి పక్కకు పోయింది. అందరూ వంగి లోపలికి చూశారు. కింద హాలుంది, పైన హాలుంది. మెట్లు లేవు. మెట్లు పెట్టడానికి జానెడు చోటు కూడా లేదు.

"మరి పైకి ఎట్ల పోతారమ్మా?"

సిగ్గున్న మనిషైతే నోరు మూసుకునేది. "నిచ్చెన వేసుకుంటారు సార్," అన్నాను.

"ముసలోళ్లు గూడానా?"

గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటున్న నాన్న ఇక ఆగలేక లోపలికి వచ్చాడు. "సార్, అంత ఎత్తు నుంచి పడినా ఒక్క పలకా పగల్లేదు, సూడండి. గమ్ము ఊడింది, అంతే. రాయి శానా మంచిది సార్," అని చేతులు జోడించాడు.

పెద్ద సార్ ఒక పలకను వేలితో తట్టి చూశారు. "నిజమేనప్పా. రాయి పాసు. పాప మాత్రం సెలవుల్లో అట్టముక్కలు తెచ్చుకోని మళ్లీ రావల్ల," అన్నారు.

కాబట్టి చదువరులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బొమ్మ గీయనిదే ఇక కోళ్లగూడు కూడా కట్టను. కట్టినా, కోడి లోపలికి ఎట్ల ఎక్కుతుందో ముందు అట్టతో చేసి కోడికే చూపిస్తాను.