మూడో అంతస్తు ఎక్కిన తీగ

పూలక్క పూలమ్మే మనిషి కాదు. బట్టల మీద మిషను కుట్టే పూలను కంప్యూటర్లో గీసే మనిషి. ఏ ఆకు ఎటు వంగాలో, ఏ రేకులో దారం ఎటు నడవాలో ఆమె గీసి ఇస్తేనే సూది కదులుతుంది. అంతటి పనిమంతురాలు మెట్ల దగ్గర ఓడిపోయింది. దుకాణమేమో మూడో అంతస్తులో, లిఫ్టు లేదు, మోకాళ్లా మొరాయించాయి. ఒకరోజు సగం మెట్లెక్కి కూలబడింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నొప్పికి కాదు, పని చేజారిపోతుందేమోనని.

దుకాణం యజమానిని అందరూ మాస్టరంటారు. నోరు దురుసే గానీ మనసున్నవాడు.

"ఇంట్లోనే గీసుకో, పూలక్కా. నేను మిషను మొదలెట్టే వేళకి డిజైను ఇక్కడి కంప్యూటర్లో ఉండాలి. లేదంటే నీ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టుకోక తప్పదు," అన్నాడు.

ఆ మాటతో పూలక్కకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఆడపడుచుకు కబురు పెట్టింది. ఆవిడ ఆఫీసులో రోజంతా కంప్యూటర్లతోనే కుస్తీ పడుతుంది. వస్తూనే వదిన హడావిడి చూసి నవ్వింది.

"నా పెళ్లికి కూడా ఇంత కంగారు పడలేదు కదా, వదినా?"

"అప్పుడు పోయేది నువ్వు. ఇప్పుడు పోయేది నా ఉద్యోగం. కూర్చో ముందు."

ఆడపడుచు క్లౌడ్ ఖాతా తెరిచింది, ప్రోగ్రాము దించింది, 'పూలు' అని ఒక ఫోల్డరు పెట్టింది. ఫోనులో మాస్టరుతో మాట్లాడుతూ దుకాణం కంప్యూటర్లోనూ అదే ఖాతా కలిపించింది. పూలక్క పరీక్షకని ఒక్క ఆకు గీసి ఫోల్డర్లో వేసింది. ఫోల్డరు పక్కనున్న గుర్తు గిరగిరా తిరిగి పచ్చగా మారింది.

"ఆకొచ్చింది," అన్నాడు మాస్టరు ఫోనులో.

పూలక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. తను కుర్చీలోంచి లేవలేదు, తన ఆకు మాత్రం మూడంతస్తులు ఎక్కేసింది. ఎంత సంతోషమో చెప్పలేం. ఆ ఆనందంలోనే ఒక నాటక బృందం తెర అంచుకు గులాబీ తీగ గీయడం మొదలెట్టింది. తిండి కూడా కంప్యూటరు ముందే.

తీగ పూర్తయిన పొద్దున ఫోల్డర్లో వేసింది. పచ్చ గుర్తు పడింది. సరుకు చేరిపోయినట్టే కదా. కుట్టుపనిలో ముదిరిన చెయ్యి ఆవిడది. సరుకు గుమ్మం దాటిందంటే బల్ల మీది పీలికలు, దారప్పోగులు దులిపేయాల్సిందే. పెన్‌డ్రైవు రోజుల్లోనూ అంతే, డిజైను అప్పగించగానే చెరిపేసేది. ఇప్పుడూ ఆ అలవాటు కొద్దీ ఫోల్డరంతా ఊడ్చేసింది. కంప్యూటరు ఏదో అడిగితే చదవకుండానే సరేనని నొక్కి, టీ పెట్టుకోవడానికి లేచింది.

పాలు పొంగేలోపే ఫోను మోగింది.

"డిజైనేదీ? ఇప్పుడే చూశాను, కళ్లముందే మాయమైంది. బట్ట బిగించుకుని కూర్చున్నాను ఇక్కడ," అన్నాడు మాస్టరు.

పూలక్క స్టవ్వు ఆపి ఆడపడుచుకు ఫోను చేసింది. జరిగింది విని ఆవిడ తల పట్టుకుంది.

"వదినా, అది పార్సిలు పంపడం కాదు. రెండిళ్లకీ కలిపి ఒకటే బీరువా. నువ్విక్కడ ఖాళీ చేస్తే అక్కడేం మిగుల్తుంది?"

"నా కొంప నేనే ముంచుకున్నానన్నమాట."

"ఏం మునగలేదులే. వెబ్‌సైటులో ఖాతా తెరువు. పక్కన చెత్తబుట్ట బొమ్మ ఉందా? అందులో చూడు."

ఉంది. ఆకూ ఉంది, తీగా ఉంది, మొగ్గలతో సహా భద్రంగా ఉన్నాయి. చెరిపినవి వెనక్కి తెచ్చే రీస్టోర్ నొక్కింది. గుర్తు తిరిగింది, తిరిగింది, పచ్చబడింది. మాస్టరుకు ఫోను కలిపింది. అతను ఎత్తి, ఫోను మిషను పక్కనే పెట్టేసినట్టున్నాడు. పూలక్క ఫోను చెవికి ఆనించుకుని కూర్చుంది.

అంతలో టకటకమని మిషను మొదలైంది. ఆ చప్పుడు ఆమెకు కొట్టినపిండి. వంపు దగ్గర నెమ్మదించింది, కాడ మీద పరుగెత్తింది. అది తన తీగే.

"పూలక్కా," అన్నాడు మాస్టరు చాలాసేపటికి, "ఇక ఎప్పుడూ నువ్వు దుకాణానికి రావద్దు. నీ తీగలు వస్తే చాలు."

"అలాగే, మాస్టారూ," అంది. వెంటనే ఆడపడుచుకు మళ్లీ ఫోను చేసింది.

"ఏమేవ్, నన్ను రావద్దన్నాడే," అని నవ్వుతూ ఏడ్చేసింది.