కింది వరస

పాతికేళ్లకు పైగా లారీ తోలుతున్నాను. తోటి డ్రైవర్లు బండికి నిమ్మకాయలు కడతారు, ఫలానా మలుపు దగ్గర తెల్లచీర కనిపించిందని ఒట్టు పెట్టి చెబుతారు. నేను నమ్మింది బ్రేకులనీ టైర్లనీ మాత్రమే. దెయ్యం అన్నవాడిని ‘నిద్ర సాలలేదప్పా నీకు, పోయి పండుకో’ అని తరిమేవాడిని. ఇప్పుడు కూడా నాకు దెయ్యం కనబడిందని చెప్పడం లేదు. కనబడినవి అయిదు అక్షరాలు. అవి ఎక్కడివో తెలియక ఒళ్లు మండి రాస్తున్నాను.

మాది బంగారుపాళ్యం. మామిడి గుజ్జు డ్రమ్ములు చెన్నై హార్బరుకు తోలుతాను. నలభై దాటిన లారీ డ్రైవరు లైసెన్సు రెన్యువల్ చేయించుకోవాలంటే డాక్టరు సర్టిఫికెట్ పెట్టాలి. కళ్లు, చెవులు, కాళ్లు, చేతులు బాగున్నాయని ఆయన సంతకం చేయాలి. చిత్తూరులో మేమంతా పోయే క్లినిక్కు ఒకటుంది. పేరు చెప్పను. అక్కడ కళ్ల పరీక్ష అంటే గోడకు తగిలించిన తెలుగు అక్షరాల అట్ట. పైన గుమ్మడికాయంత అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. డాక్టరు ఒక్కటే అంటాడు, ‘కింది వరస చదువు’ అని.

ఆ అట్టను ఎన్నేళ్లయినా మార్చలేదు. కింది వరసలో ఆరు అక్షరాలు: ప, న, స, గ, డ, ప. పనస గడప. మా డ్రైవర్లలో ఆ మాట తెలియనివాడు లేడు. క్లినిక్కు ఎదురుగా ఉన్న టీ అంగడిలో ‘పనస గడప దాటినావా?’ అంటే సర్టిఫికెట్ వచ్చిందా అని అర్థం. చూపున్నవాడూ అదే చెబుతాడు, లేనివాడూ అదే చెబుతాడు. డాక్టరు తలెత్తకుండా సంతకం పెడతాడు. అదేదో మా తెలివి అనుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే అసహ్యం.

ఎందుకంటే మా బామ్మర్ది సుబ్రమణికి ఆ మాట నేర్పింది నేనే.

నా భార్య రెడ్డెమ్మకు ఒక్కడే తమ్ముడు. వాడూ లారీ డ్రైవరే. మూడేళ్ల కిందట, సర్టిఫికెట్‌కు పోవలసిన వారంలో, ‘ఎడమకన్ను మసగ్గా ఉండాది బావా’ అని వాడే నాతో అన్నాడు. కంటాసుపత్రికి పోతే లైసెన్సు ఊడుతుందని వాడి భయం. నేనేం చేశానో తెలుసా? భుజం మీద చరిచి, ‘పనస గడప అను, సాలు’ అన్నాను. క్లినిక్కుకు వెంట పోయాను కూడా. ఇద్దరం నవ్వుకుంటూ బయటికి వచ్చాం.

నాలుగు నెలలు తిరగలేదు. పొద్దు వాలే వేళ, హైవేలో ఎడమ పక్కన ఆగి ఉన్న చెరకు ట్రాక్టరును వెనకనుంచి గుద్దాడు. ఆసుపత్రిలో వాడి పక్కన నేనొక్కడినే ఉన్నాను. రెడ్డెమ్మ ఇంకా దారిలో ఉంది. వాడు నా చెయ్యి పట్టుకొని, ‘కనపడల బావా’ అన్నాడు. ఆ తర్వాత మాట్లాడలేదు.

ట్రాక్టరుకు వెనక లైటు లేదని కేసు రాశారు. ఊరంతా ట్రాక్టరువాడిని తిట్టింది. నేనూ తిట్టాను, అందరికంటే గట్టిగా. తమ్ముడు ఆఖరున ఏమన్నాడని రెడ్డెమ్మ అడిగితే, ఏమీ అనలేదని చెప్పాను.

ఈ ఏడాది నా వంతు వచ్చింది. అప్పటికే నా కుడికంటికి పొర కమ్మింది. ఆ కంటితో ఎదురుగా నిలబడ్డ మనిషిని కూడా పోల్చుకోలేను. ఇంత జరిగాక కూడా అదే క్లినిక్కుకు, అదే మాట నోట్లో పెట్టుకొని పోయాను. నాలాంటివాడిని ఏమనాలి?

పొద్దున పదకొండు గంటలు. కిటికీలోంచి ఎండ గోడమీద పడుతోంది. కుడికన్ను మూసుకొని చదివాను, పనస గడప. నర్సమ్మ చీటీలో రాసుకుంది. తర్వాత ఎడమకన్ను మూసుకున్నాను. గోడంతా పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది. గుమ్మడికాయంత అక్షరం కూడా కనబడలేదు. పరవాలేదు, మాట నోట్లోనే ఉంది. ‘ప’ అనబోయాను.

అప్పుడు కింది వరస కనబడింది. అదొక్కటే. చుట్టూ అంతా తెల్లగానే ఉంది, ఆ వరస మాత్రం నల్లగా, స్పష్టంగా ఉంది. చూసింది చూసినట్టు చదివేశాను. క. న. ప. డ. ల.

‘ల’ అన్న తర్వాతగానీ నేనేం చదివానో నాకు తెలియలేదు.

డాక్టరు తలెత్తాడు. ఇన్నేళ్లలో ఆయన నన్ను చూడటం అదే మొదలు. ‘ఏందయ్యా ఇది? ఆరు అక్షరాలుంటే అయిదు చదివినావు. వరసే తప్పు. అందరూ బట్టీ పట్టుకోనొస్తారు, నీకు అది కూడా చేతకాదా?’ అన్నాడు.

అంటే ఆయనకు తెలుసు! మొదటినుంచీ తెలుసు. తెలిసే సుబ్రమణి కాగితం మీద సంతకం పెట్టాడు. నాకు కోపం ఆగలేదు.

‘తెలిసీ ఎట్ల పెట్టినావు సార్ సంతకం? మా బామ్మర్ది కంట్లో ఒక్కసారి లైటేసి సూసుంటే వాడీపొద్దు బతికుండేవాడు గదా!’ అని అరిచాను.

ఆయన నా కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు. ‘నేర్పించింది నేనా?’ అన్నాడు.

ఆ మాటకు ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది, ఆయన మీదా, నామీదా.

పోయేముందు అట్ట దగ్గరికి వెళ్లి, ఎడమకంటితో, వేలు పెట్టి చూశాను. ప న స గ డ ప. అంచులు చినిగిన అదే పాత అట్ట. వేరే అట్ట ఉందా అని అడిగితే, తాను చేరినప్పటినుంచీ ఇదొక్కటేనని నర్సమ్మ చెప్పింది. ఆమె రాసిన చీటీ నా దగ్గరే ఉంది. కుడికన్ను అన్నచోట అయిదు అక్షరాలు, ఆరో గడి ఖాళీ.

తిరుపతి కంటాసుపత్రిలో డాక్టరమ్మ పరీక్ష చేసి, ఈ కంటితో మొహం ముందు పెట్టిన వేళ్లు కూడా లెక్కపెట్టలేవంది. చీటీ చూపించాను. ‘మరి ఈ అక్షరాలు ఎట్లా చదివినావు?’ అని ఆమె నన్నే అడిగింది.

ఆ సాయంత్రం చీటీ రెడ్డెమ్మ ముందు పెట్టి, దాచిందంతా చెప్పాను. ఆమె ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. ‘నువ్వా నేర్పించింది?’ అని ఒక్కటే అడిగింది. కంటికి ఆపరేషను చేసిన రోజు ఆసుపత్రికి వచ్చింది, అన్నం తెచ్చింది. మాట్లాడటం మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు. ఆమెను ఎలా తప్పుపట్టను?

మనసులో ఉన్నదే కళ్లముందుకు వచ్చి ఉంటుందని మా కూతురు అంటుంది. అయ్యుండొచ్చు. కానీ ఆ నిమిషాన నా మనసులో ఉన్నది పనస గడప. ఆ అయిదు అక్షరాలు చూపులేని కంట్లోకి ఎక్కడినుంచి వచ్చాయో నాకు తెలియదు. తెలుసుకోగలనని ఆశ కూడా లేదు.

కన్ను బాగయ్యాక కావాలనే మళ్లీ అదే క్లినిక్కుకు పోయాను. అదే అట్ట. రెండు కళ్లతోనూ నిజంగా చదివాను. డాక్టరు తలెత్తలేదు, సంతకం పెట్టాడు.

బయట బెంచీ మీద నా వయసు డ్రైవరు ఒకాయన కూర్చొని ఉన్నాడు. సత్యవేడు మనిషట, ఈ క్లినిక్కుకు కొత్త. కాగితాన్ని ముక్కుకు ఆనించుకొని పేరు వెతుక్కుంటున్నాడు. నన్ను చూసి చెయ్యి పట్టి లాగి, గొంతు తగ్గించి అడిగాడు.

‘అనా, కింది వరస ఏందనా?’

‘కనపడల’ అన్నాను.

ఆయన తలూపి, ఆ అయిదు అక్షరాలూ పెదాలతో వల్లె వేసుకుంటూ లోపలికి పోయాడు.