నది నీళ్ళు నదిలోకే

పంపుహౌస్ ఆపరేటర్‌ని ఎదురుగా ఉన్నప్పుడు అందరూ బాబాయ్ అనేవారు, అటు తిరగగానే పిసినారి అనేవారు. రెండో పేరు కూడా ఆయన చెవిన పడుతూనే ఉండేది. కోపం తెచ్చుకోకపోగా మీసాల చాటున నవ్వుకునేవాడు. సొంత డబ్బు దగ్గర పిసినారితనం చేస్తే సిగ్గుపడాలి గానీ, సర్కారు డీజిల్ దగ్గర చేస్తే సిగ్గెందుకన్నది ఆయన వాదన.

ఊరికి ఒక పక్కన నది, దాని వెంట కరకట్ట. కట్టకు ఇవతల ఉన్న పల్లపు వీధి నది మట్టం కంటే కిందికే ఉంటుంది. వాన పడితే వీధిలో నీళ్ళన్నీ కాలువ వెంట వచ్చి పంపుహౌస్ ముందున్న పెద్ద గుంటలో చేరతాయి. వాటిని తోడి, కట్ట మీదుగా నదిలో పోయడమే ఆయన ఉద్యోగం. గాలివాన మొదలవగానే ముందు పోయేది కరెంటే కాబట్టి రెండు పంపులకీ డీజిల్ ఇంజన్లే. అవి ఆగాయంటే పల్లపు వీధి చెరువైపోతుంది. ఆ వీధిలో అన్నిటికంటే పల్లాన ఉన్న ఇంట్లోనే ఆయన ఒక్కగానొక్క కూతురు కాపురం. అల్లుడు లారీ తోలుతూ నెలలో సగం రోజులు బయటే ఉంటాడు. ఇంట్లో ఉండేది కూతురు, ఆమె కుట్టుమిషను, మంచం దిగలేని అత్తగారు.

ఇంజన్ దగ్గర ఆయన ఒడుపే వేరు. గుంట గోడ మీద ఎర్రగీత ఉండేది. నీళ్ళు గీతను తాకేదాకా తాళం తిప్పేవాడు కాదు, గీత దిగిన మరుక్షణం ఆపేసేవాడు. డబ్బాల అడుగున మిగిలిన డీజిల్‌ని గుడ్డలో వడగట్టి మళ్ళీ ట్యాంకులో పోసేవాడు. భార్య బతికున్న రోజుల్లో, ఆ వాసన చేతులతో అన్నం కలపొద్దని పోట్లాడేది. ఆయన చేతులు మాత్రం కడుక్కునేవాడు, అలవాటు మార్చుకోలేదు.

ఇలాంటి మనిషికి పంపుహౌసులు నడిపే శాఖలో స్నేహితులు దొరకడం కష్టం. ఎందుకంటే అక్కడ ఏడాది చివర నడిచే తంతు ఒకటుంది. ఏ పంపుహౌస్‌కి వచ్చే ఏడు డీజిల్‌కి ఎంత ఇవ్వాలన్నది ఈ ఏడు ఎంత ఖర్చుపెట్టిందన్న దాన్ని బట్టి తేలుస్తారు. మిగిలింది దాచుకోవడానికి లేదు, ఆఖరి రోజున ట్యాంకర్ వచ్చి తోడుకుపోతుంది. అందుకని ఆర్థిక సంవత్సరం ముగిసే నెలలో, మండే ఎండలో, మిగతా పంపుహౌసుల వాళ్ళు తూము ఎత్తి నది నీళ్ళను గుంటలోకి వదిలేవాళ్ళు. అవే నీళ్ళను మళ్ళీ తోడి నదిలో పోసేవాళ్ళు. ట్యాంకు అడుగంటేదాకా రాత్రింబగళ్ళు అదే పని. తూర్పు పంపుహౌస్ ఆపరేటర్ అయితే ఆ నెలంతా మొహాన మసితోనే తిరిగేవాడు. అతణ్ణి అందరూ పొగమామ అనేవారు.

"నువ్వు మిగిల్చి ఎవర్ని ఉద్ధరిస్తావు బాబాయ్? నీ మంచితనం వాళ్ళకి అలుసు, అంతే" అని పొగమామ ఏటా హితబోధ చేసేవాడు.

"నదిని నదిలో పోయడానికి నాకేం పిచ్చా?" అనేవాడు ఈయన.

ఏటా మిగిల్చాడు, ఏటా ట్యాంకర్‌కి అప్పజెప్పాడు. ఒకసారి పెద్ద ఆఫీసులో పిలిచి, చప్పట్లు కొట్టి పంపారు కూడా. మిగిల్చినంత మేర మరుసటి ఏడు ఆయన వంతు తగ్గుతూ వచ్చింది. ఆయన దాన్ని గౌరవం అనుకున్నాడు. లోకంలో ఇంత అమాయకంగా తమ గొయ్యి తామే తవ్వుకున్నవాళ్ళు అరుదు. అయినా ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

తర్వాత చెడ్డరోజులు వచ్చాయి. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. సరుకు కొనేవాడు లేక దుకాణాలు బోసిపోయాయి, అమ్మకాల మీద వచ్చే పన్ను పడిపోయింది. ఖజానా ఖాళీ అని పెద్దలు తలలు పట్టుకున్నారు. మిల్లులు మళ్ళీ తెరవాలంటే యజమానులకు పన్ను తగ్గించాలన్నారు, తగ్గించారు. ఆ లోటు పూడ్చడానికి డీజిల్ మీద పన్ను పెంచారు. అదీ చాలక అన్ని శాఖల్లోనూ నిరుటి ఖర్చులో నాలుగో వంతు కోశారు. కోత అందరికీ సమానమని ఆర్థికమంత్రి రేడియోలో గర్వంగా చెప్పాడు. సమానమట! ఏళ్ళ తరబడి తగలబెట్టిన పొగమామకి కొవ్వు కరిగింది. ఎముకలదాకా పొదుపు చేసిన బాబాయ్‌కి ఎముకే తెగింది. పైగా ప్రభుత్వం తను పెంచిన పన్నును తన పంపులకు తనే కట్టుకుంది. ఇచ్చిన కొద్ది డబ్బుకీ డీజిల్ ఇంకా తక్కువ వచ్చింది.

ఆ ఏడు వానలు పలచగా పడ్డాయి కాబట్టి గండం గట్టెక్కింది. అయినా ఒకసారి, రెండో పంపు వేస్తే ట్యాంకు ఎక్కడ అడుగంటుతుందోనని ఆయన వెనకాడాడు. కూతురి ఇంట్లోకి చీలమండల లోతు నీళ్ళు వచ్చాయి. తేలుతున్న పీటలు ఏరి, కూతురే నీళ్ళు ఎత్తిపోసుకుంది. అది ఆయన్ని కోసింది.

ఏడాది ముగిసే నెలలో కుర్ర ఇంజినీరు స్కూటర్ మీద వచ్చాడు. చెడ్డవాడు కాదు. బాబాయ్ అంటే గౌరవం ఉన్నవాడే.

"వచ్చే ఏడు మళ్ళీ కోత ఉంది బాబాయ్. ఖర్చులో మూడో వంతు" అన్నాడు గుంటలోకి చూస్తూ.

"మూడో వంతా? అలాగైతే ఒక్క పంపు కూడా నడవదు సార్. గట్టి వాన పడితే వీధి మునుగుతుంది."

"అందుకే వచ్చాను. నీ ట్యాంకులో ఇంకా బోలెడు ఉంది కదా. నెలాఖరులోగా ఖాళీ చేసెయ్. ఖర్చు ఎక్కువ చూపిస్తే కోత పోగా నీ అవసరానికి సరిపడా మిగులుతుంది. చూపించలేదనుకో, నేనేం చెయ్యలేను."

"ఈలోగా వాన పడితే?"

ఇంజినీరు ఆకాశం వైపు చూసి నవ్వాడు. "ఈ ఎండలోనా? అయినా ఉంచి ఏం చేస్తావు బాబాయ్, ఆఖరి రోజున ట్యాంకర్ పట్టుకుపోతుందిగా."

 ఆయన మూడు రోజులు తూము దాకా వెళ్ళి వెళ్ళి వెనక్కి వచ్చాడు. కళ్ళు మూసుకుంటే కూతురి ఇంట్లో తేలుతున్న పీటలే కనిపించేవి. పట్టుదలకు పోయి కూర్చుంటే రాబోయే వానాకాలంలో మునిగేది తను కాదు, బిడ్డ. నాలుగో రోజు పొద్దున లేచి తూము ఎత్తాడు. నది గుంటలోకి వచ్చింది. తాళం తిప్పాడు. పల్లపు వీధిలోకి ఇంజన్ల మోత వినిపించింది.

వారం రోజులు ఆ మోత ఆగలేదు. ఆయన పంపు పక్కనే స్టూలు మీద కూర్చుని, ఎర్రగీత వైపు చూడటం మానేశాడు. తోడుతున్నది తన రక్తమే అన్నంత బాధగా ఉండేది. పొగమామ చూడటానికి వచ్చాడు గానీ, ఆయన మొహం చూసి వేళాకోళం ఆడలేక టీ తాగి వెళ్ళిపోయాడు.

ట్యాంకు అడుగంటిన మర్నాడు పొద్దున గాలి స్తంభించింది. నదికి పైనున్న కొండల వెనక ఆకాశం నల్లగా ఉంది. కాలం కాని కాలంలో మబ్బేమిటని జనం ముక్కున వేలేసుకున్నారు. బాబాయ్ మాత్రం తూము దించి, బిగించి, ఇంజినీరుకు ఫోన్ చేశాడు.

"డీజిల్ పంపించండి సార్. వాన వస్తోంది."

"ఖాతాలు మూసేశారు బాబాయ్. అసెంబ్లీలో కొత్త బడ్జెట్ పాసయ్యేదాకా ఒక్క లీటరుకి కూడా సంతకం చెయ్యడానికి లేదు. ఎల్లుండి పాసవుతుందంటున్నారు. ఎలాగోలా సర్దుకో."

పొగమామకి ఫోన్ చేశాడు. "నాది నీకంటే ముందే ఖాళీ బాబాయ్" అన్నాడతను. 

మధ్యాహ్నానికి వాన విరుచుకుపడింది. ఆయన జేబులో ఉన్నదంతా పెట్టి, బంకులో రెండు డబ్బాల డీజిల్ కొని మోసుకొచ్చాడు. తిరిగొచ్చేసరికే గుంటలో నీళ్ళు ఎర్రగీత దాటాయి. డబ్బాలు ఇంజన్లో ఒంపి తాళం తిప్పాడు. మోత మొదలైంది. కింద వీధిలో సామాన్లు అటకెక్కిస్తున్నవాళ్ళు ఆ మోత విని ఆగారు. కొందరు ఎక్కించినవి దించుకున్నారు కూడా. కాసేపటికి ఇంజన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. బంకుకు వెళ్ళే దారి అప్పటికే మునిగింది.

ఆయన వీధిలోకి పరుగెత్తాడు. మోకాళ్ళ లోతు నీళ్ళలో తలుపు తలుపూ బాదుతూ, మేడలెక్కండని అరిచాడు.

"పంపు ఉందిగా బాబాయ్, కంగారెందుకు? వారం నుంచీ ఆడిస్తూనే ఉన్నావుగా" అన్నాడొకతను గుమ్మంలో నిలబడి.

కూతురు కూడా ఇంట్లోనే ఉంది. కుట్టుమిషను బల్ల మీదికి ఎక్కించి, అత్తగారి మంచం కోళ్ళ కింద ఇటుకలు పెడుతోంది. కళ్ళల్లో భయం లేదు.

"వచ్చావా నాన్నా! ఈసారి గవర్నమెంటు మనల్ని బాగా చూసుకుంటోంది, డీజిల్ దండిగా ఇచ్చినట్టుంది. వారం పాటు నీ పంపు మోత వింటూ హాయిగా నిద్రపోయాం. మబ్బు చూసి పక్కింటివాళ్ళు ఊరెళ్దామంటే నేనే వద్దన్నాను, మా నాన్న ఉన్నాడుగా అని."

ఆయన వంగి, ముసలావిడని వీపు మీద ఎక్కించుకున్నాడు. కూతురు వెనక నుంచి ఆయన చొక్కా పట్టుకుంది. గుమ్మం దాటేసరికి నీళ్ళు నడుముదాకా వచ్చాయి, ఎదురింటి మేడ మెట్లు చేరేసరికి ఛాతీదాకా వచ్చాయి. మెట్ల మీద అప్పటికే వీధి సగం చేరింది. మిగతా సగం ఇంకా ఇళ్ళల్లోనే ఉంది. మెట్ల మీదున్న వాళ్ళంతా పంపుహౌస్ వైపే చెవులు రిక్కించి ఉన్నారు.

"ఇంకా మోత వినపడదేం అన్నయ్యగారూ?" అంది వీపు మీది ముసలావిడ, ఆయన చెవిలో.

"వినపడదు చెల్లెమ్మా" అన్నాడాయన. "డీజిల్ మొత్తం నేనే తగలబెట్టాను. వారం నుంచీ తోడింది మన కాలువ నీళ్ళు కాదు. నదినే తోడి నదిలో పోశాను."

కూతురు ఆయన చొక్కా వదిలేసింది. ఆమె పక్కింటి గుమ్మం నుంచి ఎవరో పేరుపెట్టి ఆమెనే పిలుస్తున్నారు, పంపు ఎప్పుడు వేస్తారో మీ నాన్నని కనుక్కోమని.