టికెట్టుతో మూసిన చిల్లు

తెలివి తక్కువై చెడినవాళ్ళుంటారు. నేను ఎక్కువై చెడ్డాను.

క్యాసెట్ల కాలంలో నంద్యాలలో ఒక రికార్డింగు షాపుండేది. పాటల జాబితా రాసి, క్యాసెట్టిచ్చి వస్తే వారంలో ఎక్కించి పెట్టేవాళ్ళు. పాటలు ఏరడంలో ఆళ్ళగడ్డలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. అడక్కపోయినా అందరికీ సిఫారసు చేసేవాణ్ణి. ఒకసారి నాకోసం నెలరోజులు కూర్చుని పన్నెండు ఏరాను: నలుపు తెలుపు కాలంనాటి వెన్నెల యుగళగీతాలు, ఒక ఖవ్వాలీ, చర్చిలో పాడే క్రిస్మస్ పాట, డప్పు దరువుల జానపదం, డెబ్బైలనాటి విరహం, ఎనభైలనాటి చిందు.

కొత్తది కొనకుండా, ఇంట్లో పేరు రాయని పాత క్యాసెట్టొకటి పట్టుకుపోయాను. దాని వీపున ఉండే రెండు ప్లాస్టిక్ ముక్కలూ విరిచి ఉన్నాయి. అవి విరిస్తే దానిమీద ఇంకేమీ రికార్డు కాదు. చిల్లులు మూస్తే అవుతుందని నాకు తెలుసు. నంద్యాల బస్సులో కూర్చునే బస్సు టికెట్టు చించి, మడిచి, రెంటిలోనూ దూర్చాను. ఎవరు విరిచారు, ఎందుకు విరిచారన్న ఆలోచన మాత్రం నా బుర్రలో దూరలేదు.

విరిచింది మా నాయన. సేద్యగాడు, నాటకాల్లో పద్యాలు పాడేవాడు. మా మామ కువైట్ నుంచి టేప్ రికార్డర్ తెచ్చినప్పుడు ఒక మధ్యాహ్నమంతా పాడి దాచుకున్న గొంతు అది.

విషయం తెలిశాక ఆయన తిట్టలేదు. నా పన్నెండు పాటలూ ఓపిగ్గా విన్నాడు.

"వీటి అడుగున నేనుండానప్పా. పైన నువ్వు మట్టేసినావు."

"మళ్ళీ పాడు నాయనా. కొత్త క్యాసెట్టు తెస్తా."

"నేనేం యాడికన్నా పోతాండానా? శనగ ఇంటికి రానీ, పాడతాలే."

శనగ వచ్చింది. జొన్న వచ్చింది. అడిగినప్పుడల్లా ఇంకో పంట పేరు చెప్పేవాడు. మా సీమలో పంటలకు కరువుందని తెలిసీ నేను నమ్మాను. ఒక ఏడు పంటకంటే ముందు ఆయన పోయాడు.

క్యాసెట్టు రెండోవైపు కొసన, నా జాబితా చాలనిచోట, పదకొండు సెకన్ల నాయన మిగిలాడు. ఒక పద్యం చివరి రాగం, ఒక దగ్గు, "చాల్లేప్పా, గొంతెండిపాయ" అన్న మాట. ఆ నెలలో నాకు ఇంకొక్క పాట నచ్చి ఉంటే అదీ ఉండేది కాదు.

ఈమధ్య నంద్యాల నుంచి మిత్రుడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, దినామూ కారులో మిడుతూరు పోయొస్తాండా. మంచి పాటలు పంపు. అన్ని కాలాలవీ ఉండాల. ఏడుపువే పంపొద్దు."

ఆ పన్నెండే పంపాలి. ఇన్నేళ్ళయినా వాటికంటే మంచివి నాకు దొరకలేదు, అదే నా బాధ. అన్నిట్లోకీ ఇష్టమైంది ఆ విరహగీతం. నాయన మొదటి పద్యం మీద ఎక్కి కూర్చున్నది అదే. పంపేముందు పెళ్ళి వీడియోలు కూర్చే ఆయన దగ్గరికి పోయి దాన్ని నడుమకు కోయించి, ఆ పదకొండు సెకన్లూ అక్కడ అతికించాను.

మూడోరోజు మళ్ళీ ఫోను.

"అన్నా, ఆ పాట మధ్యలో ఎవురో దగ్గుతాండారే. పాడైపోయినట్టుంది, వేరేది పంపు."

"వేరేది లేదప్పా. ఆయన దగ్గడం అయిపోయేదాకా ఆ పాట ఆగాల్సిందే."

అడిగిన ప్రతివాళ్ళకూ ఇప్పుడు అదే పంపుతున్నాను.