దుఖాన్‌లో పన్నెండు తాళ్ళ జడ కోలాటం

ఎండలు ముదరకముందు ఓ పది రోజులపాటు దోహాలో మా ఆఫీసు వెనక వీధంతా వేపపూత వాసన వేస్తుంది. నాతో పనిచేసేవాళ్ళు తుమ్ములొస్తాయని ముక్కులు మూసుకుని లోపలికి పరిగెడతారు గానీ, నేను మాత్రం కారు తాళం చేతిలో పట్టుకుని ఆ చెట్ల కింద పిచ్చిదానిలా నిలబడిపోతాను. నా తొమ్మిదో ఏడు మొత్తం ఆ వాసనలోనే ఉంది మరి. దోహా నుంచి పడమరగా గంటసేపు ఎడారిలో వెళ్తే సముద్రం ఒడ్డున తగిలే దుఖాన్ మా ఊరు. కంపెనీవాళ్ళు మా ఇళ్ళ ముందు వరసగా నాటించిన వేపచెట్లు ఉగాదికి సరిగ్గా పూసేవి, పూత కోసం పిల్లలందరం గోడలెక్కి మోకాళ్ళు గీరుకుని తిట్లు తినేవాళ్ళం.

దేశంలో మొదట చమురు పడింది అక్కడే. అది తనే స్వయంగా తవ్వి తీసినంత గొప్పగా చెప్పుకునేవాడు నాన్న. ఆయన ప్లాంటులో ఇంజనీరు. ఊరంతటికీ ఒకటే కంపెనీ, ఒకటే క్లబ్బు, ఒకటే ఆసుపత్రి. ఇళ్ళు ఎంత ఒకేలా ఉండేవంటే, నేను ఒకసారి స్కూలు నుంచి వచ్చి పక్కింట్లోకి దూరి, వాళ్ళ బల్ల మీదున్న ఉప్మా సగం తిన్నాక గానీ మా ఇల్లు కాదని గమనించలేదు. అసరు నమాజు పిలుపు వినపడి ఎండ చల్లబడగానే ఏడుపెంకులాట మొదలయ్యేది. మేడ మీద అమ్మ పెట్టిన వడియాలు ఒక్క పూటలో గలగలా ఎండేవి, ఆ పూటే ఉత్తరం గాలి లేస్తే మాత్రం ఆ ఏడాదంతా పంటి కింద ఇసుక కరకరలాడుతూనే ఉండేది. అయినా ఒక్క వడియం మిగిల్చేవాళ్ళం కాదు.

సెలవురోజు శుక్రవారం వస్తే మాత్రం ఊళ్ళో ఎవరికీ కాలు నిలిచేది కాదు. మామిడికాయ కావాలన్నా, జుట్టు కత్తిరించుకోవాలన్నా, జాకెట్టు కుట్టించుకోవాలన్నా దోహాకే. "ఆ దోహాలో ఏముందే, దుమ్మూ ట్రాఫిక్కూ తప్ప!" అని నాన్న విసుక్కుంటూ కారు తీసేవాడు. "అన్నీ ఉన్నాయి లెండి, మీకే కనపడవు," అని అమ్మ సంచులు సర్దేది. దోహాలో ఫరీజ్ బిన్ మహమూద్ అనే పాత పేటలో అపార్టుమెంట్ల మెట్ల మీద ఒక కుటుంబం మంచం కిందికి దిగుతుంటే ఇంకో కుటుంబం మంచం పైకి ఎక్కుతుండేది, ఆ రెంటి మధ్యా మేం గోడకి అంటుకుపోయి నిలబడేవాళ్ళం. మా దుఖాన్‌లో అలా కాదు. ఎవరికైనా దోహా హెడ్డాఫీసుకి బదిలీ అయిందంటే ఆ ఇంటికి తాళం పడేది, ఆ తాళం అలాగే ఉండిపోయేది. వేసవి సెలవులకి ఇండియా వెళ్ళొచ్చిన ప్రతిసారీ మా వీధిలో అలాంటి తాళాలు ఒకటో రెండో పెరిగేవి.

ఆ తగ్గుదల నాకు కోలాటంలో తెలిసింది. కాకినాడ నుంచి వచ్చిన అమ్మకి జడ కోలాటమంటే ప్రాణం. క్లబ్బు హాలు కప్పుకి ఒక ఇనుప చక్రం వేలాడదీసి, పాత చీరలు చింపి రంగురంగుల తాళ్ళు పేని కట్టేది. పిల్లలు తలా ఒక తాడు పట్టుకుని, రెండో చేత్తో కోలలు వాయిస్తూ, సగం మంది అటూ సగం మంది ఇటూ ఒకరినొకరు దాటుకుంటూ తిరిగితే పైనుంచి జడ అల్లుకుంటూ దిగేది. మళ్ళీ వెనక్కి తిరిగితే విడిపోయేది. అటెంతమందో ఇటంతే మంది ఉండాలి, అందుకే ఒకరు ఊరు వదిలితే ఇద్దరు తగ్గేవాళ్ళు. నేను చేరినప్పుడు పదహారు తాళ్ళు. తర్వాత పద్నాలుగు, ఆ తర్వాత పన్నెండు.

ఆ ఏడు ఉగాది ఇంకా పది రోజులుందనగా, ఎర్రతాడు స్వాతి వాళ్ళ నాన్నకి బదిలీ వచ్చింది. స్వాతి నా జోడీ. అమ్మ రెండు రోజులు తల పట్టుకుని, మూడోరోజు నన్ను వంటింట్లో కూర్చోబెట్టి నా చేతిలో బెల్లంముక్క పెట్టింది. అమ్మ అడక్కుండా బెల్లం పెట్టిందంటే ఏదో మూడిందనే అర్థం.

"బుజ్జీ, ఈసారికి పదిమందితో కానిచ్చేద్దామే. నీకు జోడీ లేదు కదా. ఇంకొకళ్ళ పిల్లని ఎలా కూర్చోబెడతాను చెప్పు?"

ఏడాదంతా నేర్చుకున్న ఆట! ఆ బెల్లం విసిరికొట్టి, గుండెలవిసేలా ఏడ్చాను. ఆ శుక్రవారం దోహా వెళ్ళేసరికి నా కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. మా లంగాలన్నీ కుట్టే రాజన్న దుకాణం ఫరీజ్ బిన్ మహమూద్‌లోనే, ఆ మెట్ల పైన. ఆయనది జగిత్యాల దగ్గర ఒక పల్లె. మెళ్ళో టేపు వేసుకుని నా నడుం కొలవబోతూ నా మొహం చూసి ఆగిపోయాడు.

"ఏమైంది బిడ్డా, గట్ల ఏడుస్తున్నవ్? లంగ పొట్టిగైందా?"

అమ్మ జరిగింది చెప్పింది. రాజన్న తన ఊళ్ళో కోలాటం ఆడినవాడే, ఇక్కడా సెలవుపూట పనివాళ్ళుండే క్యాంపులో డ్రైవర్లతో, వంటవాళ్ళతో ఆడిస్తాడట. "కొత్త పిలగాణ్నెవన్నన్న పెట్టుకోరాదు అక్కా?" అన్నాడు.

"వారం రోజుల్లో ఎలా వస్తుంది రాజన్నా? స్వాతి తాడు కింద నుంచి దూరి, కిరణ్ తాడు పైనుంచి తీసి, లత తాడు కిందకి రావాలి. ప్రతి పిల్లకీ అలా పేరుపేరునా నేర్పాను. స్వాతి లేదనేసరికి మిగతావాళ్ళు కూడా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతున్నారు."

రాజన్న టేపు తీసి బల్ల మీద పెట్టి మరీ నవ్వాడు. "మనిషి పేరు మీద ఆట నేర్పుతరా అక్కా? మనిషి పోతే ఆట గూడ పోతది గదా! మా క్యాంపుల ఎవనికి ఎప్పుడు డ్యూటీ పడ్తదో ఎవనికి తెల్వది. ఎదురొచ్చినోడు ఎవడన్న గానీ, మొదటోని తాడు కిందికెళ్లి దూరాలె, రెండోని తాడు మీదికెళ్లి తియ్యాలె. గంతే. పేరుతోని పనే లేదు."

అమ్మ నోరెళ్ళబెట్టింది. ఊరుకుంటాడా ఆయన! కత్తిరింపుల బుట్టలోంచి నాలుగు పొడవాటి గుడ్డపేలికలు లాగి కప్పుకి ఉన్న కొక్కేనికి కట్టాడు, ఒకటి తను, ఒకటి అమ్మ, ఒకటి నేను. నాలుగోదానికి పక్క సెలూన్ మలయాళీ ఆయన్ని, ఎవరికో గడ్డం గీస్తుంటే, "యల్లా, రా భాయ్!" అని లాక్కొచ్చాడు. గిరాకీ ఆయన మొహం నిండా సబ్బునురగతో గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆ మలయాళీ ఆయనకి తెలుగు ముక్క రాదు, మా పేర్లసలే తెలియవు. రెండే రెండు చుట్లలో ఆట పట్టేశాడు. కారులో హారన్ కొట్టీ కొట్టీ విసిగిపోయి పైకొచ్చిన నాన్న, తన భార్య దర్జీ దుకాణంలో గుడ్డపేలిక పట్టుకుని గిరగిరా తిరుగుతుంటే చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

తిరుగుదారిలో దుఖాన్ దీపాలు కనపడ్డాక నాన్న మెల్లగా, "ఆ ఎర్రతాడు నేను పట్టుకోనా?" అన్నాడు. అమ్మ ముందు నవ్వింది, తర్వాత ఎందుకో ముక్కు చీదుకుంది.

ఉగాదినాడు క్లబ్బు హాలంతా పులిహోర, బొబ్బట్లు, మా మోకాళ్ళు గీరుకుపోగా వచ్చిన వేపపూత పచ్చడి. పదకొండు మంది పిల్లల మధ్య ఆరడుగుల నాన్న, పట్టుపంచె ఎగ్గట్టి, ఎర్రతాడు పట్టుకుని! పొట్టిపిల్లల తాళ్ళ కింద నుంచి దూరడానికి ఆయన మోకాళ్ళ మీద దేకాల్సొచ్చింది. ఒకసారి దారి తప్పి నాకు ఎదురుపడాల్సిన చోట నా వెనకాల తేలి, తన కోలతో తన నుదుటి మీదే టపీమని కొట్టుకున్నాడు. హాలు హాలంతా పడీపడీ నవ్వింది. పాత పద్ధతయితే అక్కడే ఆట ఆగిపోయేది. ఈసారి ఎవరూ ఆగలేదు. ఎదురొచ్చినవాళ్ళని దాటుకుంటూ వెళ్ళిపోయాం, జడ మా తలల దాకా దిగింది, మళ్ళీ చిక్కుపడకుండా విడిపోయింది. నా బతుకులో అంత సంతోషపడిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అమ్మ పద్ధతి మారింది గానీ ఊరు మారలేదు. ఎంత బాగా నేర్పినా తాడు పట్టుకోవడానికి మనుషులుండాలి కదా. ఒక్క పనిమీద నిలబడ్డ ఊరు, ఆ పని పక్కకి జరిగితే ఇంకేదీ చేతకాక అలాగే నిలబడిపోతుంది. మరో రెండు ఉగాదులకి మేం ఆరుగురం మిగిలాం, ఆ తర్వాత మాకూ బదిలీ వచ్చింది. మా ఇంటికీ తాళం పడింది.

ఇప్పుడు నేను దోహాలో పెద్ద జట్టులో ఆడుతున్నాను. నలభై మందిమి. నర్సులు, టీచర్లు, డ్రైవర్లు, నాలాంటి ఆఫీసువాళ్ళు, వారానికో కొత్త మొహం. ఆ పాత క్లబ్బు హాల్లో ఉగాది చేసేవాళ్ళు లేరు, ఆ పదహారు మందిలో సగం మంది ఏ దేశంలో ఉన్నారో కూడా నాకు తెలియదు. పోయిన నెల నాకు జ్వరమొచ్చి మూడు వారాలు ప్రాక్టీసుకి వెళ్ళలేదు. తిరిగి వెళ్తే నా చోట ఎవరో కొత్తమ్మాయి చక్కగా ఆడుతోంది, నేను రాలేదన్న సంగతి ఎవరూ గమనించలేదు. తప్పేం లేదు, పెరిగే ఊరు అలాగే ఉంటుంది. దుఖాన్‌లో నాకు ఒక్కపూట ఒళ్ళు వెచ్చబడితే ముగ్గురు అమ్మలు మిరియాల చారు గిన్నెలతో మా గుమ్మంలో నిలబడేవాళ్ళు, "రేపటికి లేస్తుందా అండీ? అది లేకపోతే మా పిల్లలెవరూ ఆడలేరు," అని. అలా పేరుపేరునా మనుషుల మీద నిలబడింది గనకే ఆ ఊరు ఎదగలేదని ఇప్పుడు నాకు తెలుసు. నేను లేకపోతే ఆగిపోయిన ఊరు ఈ భూమ్మీద అదొక్కటే.